గాలికి వేసిన బోర్లు

బూదికొండలో గాలి ఆగిపోవడానికి కారణం నా కూతురు గంగరత్న. అందువల్ల తప్పు నాదని ఊళ్ళో తీర్మానమైంది. ఇక్కడ పిల్లలు చేసిన చెడ్డపని నాయన నెత్తిన వేస్తారు. మంచి పని చేస్తే మాత్రం వాళ్ళమ్మ పోలిక అంటారు. వాళ్ళమ్మ నాగక్క పోయి మూడేళ్ళయింది. పోయినవాళ్ళకు మంచిపేరు ఇస్తే ఎవరికీ నష్టం లేదు కదా.

మా ఊరు కళ్యాణదుర్గం దాటాక కొండల నడుమ ఉంది. ఇక్కడికి వాన రాదు. వచ్చేది గాలి ఒక్కటే. ఆ గాలి కోసం పెద్ద కంపెనీలు వచ్చి కొండల మీద ఆకాశమంత ఫ్యాన్లు నిలబెట్టాయి. అక్కడ పుట్టిన కరెంటు ఎక్కడో పట్నంలో వెలుగుతుంది. దాని నీడలో ఉన్న మాకు సాయంత్రమైతే కోత. గంగరత్న ఇంజినీరింగు చదివి, అలాంటి ఒక కంపెనీలోనే కొన్నేళ్ళు ఫ్యాన్లెక్కి నట్లు బిగించింది. తర్వాత ఉద్యోగం మానేసి ఊరికి వచ్చింది. ఇంటికొకటి, తోటకొకటి పెట్టుకునే చిన్న ఫ్యాన్లు తానే చేస్తానంది. మూతపడిన శనక్కాయల మిల్లు షెడ్డు బాడుగకు తీసుకుంది. ఊళ్ళోవాళ్ళను కొందరిని పనిలో పెట్టుకుంది. అందులో నా అల్లుడు ఓబులేసు ఒకడు. అతను పని చేయడు, మాట్లాడతాడు. దాన్ని మార్కెటింగ్ అంటారట.

చిన్న ఫ్యాను చేయడం పెద్ద ఫ్యాను చేయడం కన్నా కష్టమని ఆ షెడ్డులోనే నాకు తెలిసింది. పెద్దది కొండ నెత్తిన ఉంటుంది, దానికి గాలి ఎదురులేకుండా వస్తుంది. చిన్నది ఇంటి పక్కన ఉంటుంది. వచ్చే గాలిని వేపచెట్టు కొంత, గడ్డివామి కొంత, పక్కవాడి మిద్దె కొంత చీల్చేశాక చిరుగులు దీనికి మిగులుతాయి. ఈ వ్యాపారంలో ఉన్నవాళ్ళు డబ్బా మీద రాసే కరెంటు తుఫాను గాలికి వచ్చేది. తుఫాను వచ్చిన రోజున ఫ్యాను ఉండదు. పైగా ఇప్పుడు ప్రతి మిద్దె మీదా సోలార్ పలకలు వెలిశాయి. అవి కదలవు, అరవవు, చెడిపోవు. నేను అలాంటి అల్లుడి కోసమే వెతికాను. దొరకలేదు.

వీటన్నిటికీ మించింది సర్టిఫికెట్. పరీక్షాధికారి వచ్చి, గాలి ఎంత ఉంటే కరెంటు ఎంత వస్తోందో కొలిచి, సంతకం పెట్టాలి. అది లేకపోతే సబ్సిడీ రాదు, బ్యాంకు పలకదు. గంగరత్న ఫ్యాను ఆ పరీక్ష రెండుసార్లు తప్పింది. మొదటిసారి గాలి రాలేదు. రెండోసారి వచ్చింది. ఒక రెక్క ఊడి సంజన్న బర్రెల కొట్టం మీద పడింది. బర్రెకు ఏమీ కాలేదు. అయినా ఆ బెదురుకు పాలు తగ్గించిందని సంజన్న ఇప్పటికీ చెబుతాడు. ఆ బర్రె అంతకుముందు ఇచ్చిందీ అంతంతమాత్రమే. గంగరత్న రెక్కల మొదళ్ళు విప్పి, కొత్త బోల్టులు వేసి, మళ్ళీ దరఖాస్తు పెట్టింది. మూడోసారీ తప్పితే దరఖాస్తు కొట్టేస్తారు. అప్పుడు షెడ్డుకు తాళం వేయడం తప్ప దారి లేదు. ఆ పిల్ల నాలుగేళ్ళుగా పండగకు కూడా కొత్త చీర కట్టకుండా ఆ షెడ్డులో గ్రీజు పూసుకుని బతికింది.

ఒక మధ్యాహ్నం నేను షెడ్డుకు సంగటి క్యారియర్ తీసుకుని వెళ్ళాను. గంగరత్న బల్ల మీద ఒక రెక్క బిగించి, వంగి చూస్తోంది. నేను దూరంగా గడప మీద కూర్చుని బీడీ వెలిగించాను. మామూలుగా అయితే ఆర్పమని కసురుతుంది.

"నాయనా, ఆర్పొద్దు," అంది. "ఇంగోసారి పీల్చి వదులు."

వదిలాను. పొగ నా నోటి ముందు సుడి తిరగలేదు, పైకీ పోలేదు. దారం లాగినట్టు తిన్నగా షెడ్డు అడ్డంగా పోయి ఆ రెక్క అంచుకు అంటుకుంది. మళ్ళీ పీల్చాను. అదే దారి. బీడీ అయిపోయింది కానీ నాకు పొగ దక్కలేదు.

రెక్క అంచుకు ఏదో నల్లటి పూత పూసిందట. అందులోకి కొంచెం కరెంటు పంపితే ముందున్న గాలి పలచబడుతుందట. పలచబడిన చోటికి చుట్టుపక్కల గాలి జరిగి వస్తుందట. ఇంతే నాకు అర్థమైంది. ఓబులేసుకు అంత కూడా అర్థం కాలేదు, కానీ ఎక్కువ సంతోషించాడు.

"గాలి కోసం ఇంగ మనం కాచుకునేది ల్యా మామా," అన్నాడు. "గాలే మన అడ్రసు అడుక్కోని వస్తాది."

ఎక్కడనుంచి వస్తుందని పనివాళ్ళలో ఎవరో అడిగారు. చుట్టూ ఉన్న గాలే అని గంగరత్న చెప్పింది. చుట్టూ ఉన్నది ఎవరిదని మాత్రం ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. బీడీ పొగ పోయిన కోపంలో ఉన్నాను.

నా చేనులో ఉన్న స్తంభానికి ఆ పూత రెక్కలు కట్టారు. ఆకు కూడా కదలని ఎండలో ఫ్యాను గిర్రున తిరిగింది. గంగరత్న కళ్ళలో నీళ్ళు వచ్చాయి. ఒక్కదాన్నే పెట్టి ఒక కారు పంట కాలం చూద్దామని ఆమె అంది. ఓబులేసు ఒప్పుకోలేదు. ఊరంతా ట్రయల్‌కి పెడదాం, పరీక్షాధికారి వచ్చేసరికి ఊరే ఒక ఫ్యాన్ల తిరునాళ్ళలా ఉండాలి, అది చూశాక సంతకం పెట్టకుండా ఎట్ల పోతాడు అన్నాడు. మొగుడి మాట వినడం గంగరత్నకు అలవాటు లేదు. ఆ ఒక్కసారి వింది.

నా చేనులోది కాక, ట్రయల్‌కి మొదటి ఫ్యాను ఎర్రిస్వామి ఇంటి దగ్గర పెట్టారు. ఎర్రిస్వామి, సంజన్న అన్నదమ్ముల బిడ్డలు. ఒకరి చేను గట్టు ఇంకొకరి కంట్లో నలుసు. మర్నాడు తెల్లవారకముందే సంజన్న మా గుమ్మంలో నిలబడ్డాడు. తనకూ ఒకటి కావాలన్నాడు. తన స్తంభం మాత్రం ఎర్రిస్వామిదాని కన్నా ఒక పైపు ఎత్తు ఉండాలన్నాడు. ఎందుకని అడిగితే, పక్కనోడు బోరేస్తే మనం దానికన్నా లోతుకు పోతాం కదా, ఇదీ అంతేనన్నాడు.

మా ఊరివాళ్ళకు తెలిసిన శాస్త్రం అదొక్కటే. ఒకడి బోరులో నీళ్ళు పడితే, రెండోవాడు దాని పక్కనే ఇంకా లోతుకు వేస్తాడు. మొదటివాడిది ఎండుతుంది. వాడు ఇంకా కిందికి పోతాడు. అలా పోయి పోయి ఊరికింద ఉన్నదంతా జల్లెడ చేశాం. ఇప్పుడు ఆ పద్ధతి పైకి తిప్పాం. ఎండిన బోర్లలోంచి కేసింగ్ పైపులు పీకి, వెల్డింగ్ పెట్టి, స్తంభాలకు అతుకు వేయడం మొదలుపెట్టారు. సంజన్న ఒక పైపు ఎక్కిస్తే ఎర్రిస్వామి రెండు ఎక్కించాడు. నీళ్ళ కోసం కిందికి దిగినంత పొడుగూ గాలి కోసం పైకి లేచింది.

బోరు పాయింట్లు చూసే నారప్పకు చాలాకాలంగా పని లేదు. అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా నడిస్తే, నీళ్ళున్న చోట అది నిటారుగా లేస్తుందని అతని విద్య. అతను చూపించిన చోట్లలో నీళ్ళు పడింది తక్కువ, టెంకాయలు అతనింటికి చేరింది ఎక్కువ. ఇప్పుడు మళ్ళీ టెంకాయ పట్టుకుని బయల్దేరాడు. గాలి ఉన్న చోట టెంకాయ ఎటు లేస్తుందని నేను అడిగాను. అటూ ఇటూ ఊగుతుందని చెప్పాడు. నడిచేవాడి చేతిలో టెంకాయ ఊగక ఏం చేస్తుంది. అయినా ఊళ్ళో సగం స్తంభాలు నారప్ప చూపించిన చోటే లేచాయి. పునాదికి నిమ్మకాయలు, పైన గుడ్డపేలిక, దానికి కుంకుమ. గంగరత్న చదివిన కాలేజీలో ఇవన్నీ చెప్పలేదట.

నెల తిరక్కముందే ఊళ్ళో కరెంటుకు కొదవ లేకుండా పోయింది. నీళ్ళు లేని బోర్లలో మోటార్లు కూడా తిప్పి చూశారు, శబ్దం వినడానికి.

ఆ తర్వాతే కింద గాలి ఆగిపోయింది. మొదట ఎవరూ పట్టించుకోలేదు. పొయ్యి పొగ పెరట్లోనే నిలబడింది, అది కట్టెల తప్పనుకున్నారు. ఉతికిన పంచెలు ఆరలేదు, అది సబ్బు తప్పనుకున్నారు. పొద్దున బస్సు లేపిన దుమ్ము మధ్యాహ్నం బస్సు వచ్చేదాకా రోడ్డు మీదే నిలబడి ఉండేది. రెండో బస్సు డ్రైవరు మొదటి బస్సు దుమ్ములోకి హారన్ కొట్టుకుంటూ వచ్చేవాడు. మిద్దె మీద పడుకున్నవాళ్ళు చెమటకు చాపకు అతుక్కుని లేచారు. తలెత్తితే నెత్తి మీద ఫ్యాన్లన్నీ హోరున తిరుగుతున్నాయి. తల దించితే ఈగ కూడా కష్టపడి ఎగురుతోంది. ఇళ్ళల్లో టేబుల్ ఫ్యాన్లు కొన్నారు. పైన గాలిని తిప్పి కరెంటు చేసి, ఆ కరెంటుతో కింద గాలి చేసుకుని, బాగుందని ఒకరికొకరు చెప్పుకున్నారు.

అప్పుడే కొర్రలు కళ్లాలకు చేరాయి. కొర్రలను తూర్పారబట్టాలంటే గాలి కావాలి. చాటతో ఎత్తి పోస్తే గింజ కాళ్ళ దగ్గర పడాలి, పొట్టు అవతలికి పోవాలి. మా కళ్లంలో నేను ఎత్తి పోశాను. గింజా పొట్టూ కలిసే కింద పడ్డాయి. నాగక్క ఉన్న రోజుల్లో కళ్లంలో చాట పట్టుకుని గాలి కోసం నిలబడేది. గాలి రాకపోతే నన్ను తిట్టేది. గాలి నా చేతిలో లేదని చెప్పినా వినేది కాదు. ఇప్పుడు గాలి నిజంగానే మా ఇంటి చేతిలో ఉంది. తిట్టడానికి ఆమె లేదు.

ఊరివాళ్ళు కళ్లాల్లోకి టేబుల్ ఫ్యాన్లు మోసుకొచ్చారు. వైర్లు చాలక ఒకరి చేనులోంచి ఒకరు లాగారు. అక్కడా పేచీ. ఫ్యాను ముందు పోసిన పొట్టు అవతలివాడి గింజల్లో పడింది, అవతలివాడు ఫ్యాను ఇటు తిప్పి తిరిగి పంపాడు. సాయంత్రానికి అందరి కొర్రల్లోనూ అందరి పొట్టూ ఉంది. కొర్రలు శుభ్రపడలేదు కానీ తిట్లు మాత్రం శుభ్రంగా తూర్పారబట్టారు. అవన్నీ నా కూతురి పేరు మీదే పోయాయి. ఆమె కళ్లాల పక్కనుంచి పోతూ అన్నీ విన్నది.

పరీక్షాధికారి పరాంకుశం గారు వచ్చింది ఆ వారంలోనే. సన్నటి మనిషి, చొక్కా గుండీలన్నీ పెట్టుకుంటాడు. మా చేనులో ఫ్యాను స్తంభానికి కాస్త ఎడంగా తన స్తంభం పాతించి, దాని మీద గాలి కొలిచే గిన్నెల మీటరు బిగించాడు. గిన్నెలు తిరిగితే గాలి ఉన్నట్టు. గిన్నెలు తిరగలేదు. పక్కన మా ఫ్యాను మాత్రం తిరుగుతోంది. ఆయన మీటరు దింపి, నూనె వేసి, మళ్ళీ ఎక్కించాడు. గిన్నెలు కదల్లేదు. ఆయన కొంతసేపు ఫ్యానును, కొంతసేపు గిన్నెలను, చివరకు నన్ను చూశాడు.

"ఏవండీ, మోటారు ఎక్కడ పెట్టారు?" అన్నాడు.

"బోరులో ఉండాది సార్. నీళ్ళు ల్యావు."

ఆయన నవ్వలేదు. పలుగు తెప్పించి స్తంభం చుట్టూ తవ్వించాడు. దొంగవైరు ఎక్కడో ఉందని ఆయన నమ్మకం. రెండు ఎలకలు, నారప్ప నిమ్మకాయలు బయటపడ్డాయి. గంగరత్న పూత సంగతి వివరించింది. ఊదువత్తి వెలిగించి చూపించింది. పొగ అలా పోవడం ఆయన చూశాడు కానీ నమ్మలేదు. గాలి సున్నా ఉన్నప్పుడు కరెంటు వస్తే దాన్ని గాలి యంత్రం అనడానికి వీల్లేదని చెప్పాడు. నా మీటరు గాలి చూపించాలి, ఆ గాలికి మీ ఫ్యాను తిరగాలి, అప్పుడే పరీక్ష. మళ్ళీ సోమవారం వస్తాను, అదే చివరిసారి అని వెళ్ళిపోయాడు. ఓబులేసు జీపు దాకా వెంటపడి ఏదో మాట్లాడాడు. తిరిగి వచ్చేటప్పుడు అతని దగ్గర మాటలు అయిపోయి ఉన్నాయి. అలా జరగడం పెళ్ళయ్యాక అదే మొదటిసారి.

గంగరత్న మీటరు తీసుకుని ఊరంతా తిరిగింది. ప్రతి స్తంభం దగ్గరా ఎంత కరెంటు వస్తోందో, ఆ పూతకే ఎంత ఖర్చవుతోందో చూసుకుంది. తిరిగి వచ్చి అరుగు మీద కూర్చుని నీళ్ళడిగింది.

"ఒక్కటున్నప్పుడు బాగా వచ్చింది నాయనా. ఇప్పుడు ఒకదాని గాలి ఇంగోటి లాక్కుంటాండాది. వచ్చే కరెంటులో సగం ఆ లాగేదానికే పోతాండాది. పూత ల్యాకుండా వట్టి రెక్కలు పెట్టుకున్నా అందరికీ ఇంతకన్నా ఎక్కువ వస్తాండె."

నేను నీళ్ళిచ్చాను. ఇవ్వడానికి ఇంకేమీ లేదు.

సోమవారం మీటరు తిరగాలంటే ఊరి ఫ్యాన్లన్నీ ఆగాలి. పాల కేంద్రం దగ్గర అందరినీ పిలిచి గంగరత్న ఆ మాట చెప్పింది. ఒక్క పూట ఆపండి, నా షెడ్డు నిలబడుతుంది, కావాలంటే తర్వాత మీ ఇష్టం అంది. ఆపడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. పక్కవాడు ఆపుతాడని మాత్రం ఎవరికీ నమ్మకం లేదు. నేనాపితే నా గాలి వాడికి పోతుంది కదా అని సంజన్న అడిగాడు. అదే ప్రశ్న ఎర్రిస్వామి సంజన్న వైపు చూస్తూ అడిగాడు. కర్పూరం వెలిగించి ఒట్టు పెట్టుకుందామని ఓబులేసు అన్నాడు. అందరూ నవ్వారు. కొత్త బోర్లు వేయబోమని ఈ ఊరు కర్పూరం వెలిగించి ఒట్టు పెట్టింది. అది ఆరకముందే రిగ్గు బండి వచ్చి నిలబడింది.

చివరకు నారప్ప ఒక దారి చెప్పాడు. ఎవరి స్తంభం కింద వాళ్ళు కూర్చోకూడదు. ఎవరితో ఎవరికి పడదో వాళ్ళ స్తంభం కింద వాళ్ళు కూర్చోవాలి. ఇది అందరికీ నచ్చింది. ఎవరికెవరితో పడదో తేల్చడానికే సాయంత్రం దాకా పట్టింది, ఎందుకంటే కొందరికి ఒకరి కన్నా ఎక్కువమందితో పడదు. నా స్తంభం కింద కూర్చుంటామని ఏకంగా పదిమంది లేచారు. మాది పరీక్షకు పెట్టిన ఫ్యాను, దానికి కాపలా అక్కర్లేదని గంగరత్న వాళ్ళను కూర్చోబెట్టింది.

సోమవారం ఎండ ఎక్కేసరికి శత్రువులందరూ ఒకరి స్తంభాల కింద ఒకరు చాపలు వేసుకుని కూర్చున్నారు. బ్రేకులు పడ్డాయి. ఫ్యాన్లు ఒకటొకటిగా ఆగాయి. మా ఫ్యాను కూడా పూత ఆపి, బ్రేకు వేసి ఉంచింది గంగరత్న. పరాంకుశం గారు గిన్నెల మీటరు కింద గొడుగు వేసుకుని నిలబడ్డాడు.

కాసేపు ఏమీ జరగలేదు. ఆ తర్వాత రోడ్డు మీద నిలబడి ఉన్న దుమ్ము, ఎవరో లేపినట్టు లేచి పక్కకు జరిగింది. పెరట్లలో పేరుకున్న పొగ కదిలి మిద్దెలు దాటింది. కొండ వైపు నుంచి గాలి దిగింది. వేపచెట్టు మొదట నమ్మలేదు, తర్వాత ఊగింది. గిన్నెలు తిరగడం మొదలుపెట్టాయి. చాపల మీద కాపలా ఉన్నవాళ్ళ తలలు వాలిపోయాయి. ఎర్రిస్వామి స్తంభాన్ని కాయడానికి వచ్చిన సంజన్న, ఎర్రిస్వామి గుమ్మం ముందే గుర్రుపెట్టాడు. చిన్నప్పటి తర్వాత అతను ఆ ఇంటి దగ్గర నిద్రపోవడం అదే.

ఆడవాళ్ళు నిద్రపోలేదు. గాలి ముఖానికి తగలగానే చాటలు పట్టుకుని కళ్లాలకు పరిగెత్తారు. పీటలెక్కి చాటలెత్తారు. నేనూ నా కళ్లంలోకి దిగాను. మా కళ్లం ఫ్యాను స్తంభానికి దగ్గరలోనే ఉంది. గింజ కాళ్ళ మీద పడుతోంది, పొట్టు అవతలికి పోతోంది. నేను రెండు చాటలు పోశాను. చేతికి ఆ బరువు తెలిసి ఎన్నాళ్ళయిందో.

"గాలి సరిపోతుందమ్మా," అన్నాడు పరాంకుశం గారు. "మీది ఆన్ చేయండి."

గంగరత్న కళ్లాల వైపు చూసింది. తర్వాత పూతకు కరెంటు ఇచ్చి, బ్రేకు వదిలింది.

ఊళ్ళో ఇప్పుడు లాగేది అదొక్కటే. పోటీకి ఎవరూ లేరు. రెక్కలు కంటికి కనిపించడం మానేశాయి. పొట్టు ముందు గాలిలో నిలబడింది, తర్వాత దారి మార్చుకుంది. తూర్పు కళ్లాల పొట్టు, పడమటి కళ్లాల పొట్టు, చెరొకవైపు పోవాల్సింది, నాలుగు దిక్కుల నుంచి ఏరుల్లా మా చేను మీదికి వచ్చింది. వచ్చి ఫ్యాను చుట్టూ తిరిగి పరాంకుశం గారి గొడుగు మీద, గుండీల మీద, మీసం మీద పడింది. నేను ఎత్తిన చాటను ఎత్తినట్టే గాలి లాగింది. పొట్టుతో పాటు నా గింజ కూడా లేచింది. కొర్రగింజ ఎంత తేలికో ఆ రోజే చూశాను. నా కుప్ప మొత్తం చేనంతా చల్లుకుపోయింది, ఎవరో విత్తనం వేసినట్టు.

కాపలావాళ్ళు ఉలిక్కిపడి లేచారు. మొదట ఎదుటివాడి ఫ్యాను తిరుగుతోందేమోనని చూశారు. తర్వాత పొట్టు ఏ వైపు పోతోందో చూశారు. ఊరి గాలి ఎటు పోతోందో అందరికీ కంటికి కనబడడం అదే మొదటిసారి.

అందరికన్నా ఎక్కువగా చూసింది పరాంకుశం గారు. పొట్టు దులుపుకోవడం కూడా మరిచాడు. "నాలుగు వైపుల నుంచీ వస్తోంది," అని రెండుసార్లు అన్నాడు. తన సర్వీసులో ఇలాంటిది చూడలేదని, పొరపాటు తనదేనని, ఇది గాలి యంత్రమేనని, ఇప్పుడే రాసిస్తానని చెప్పాడు. ఈ అంకెలు చూస్తే పెద్ద కంపెనీలు వెతుక్కుంటూ వస్తాయన్నాడు. ఓబులేసు అక్కడికక్కడే ఆయన కాళ్ళకు దండం పెట్టాడు.

గంగరత్న దండం పెట్టలేదు. "ఊరంతా ఆపితేనే ఇది ఇట్ల తిరిగింది సార్. అది కూడా రాస్తారా?" అంది.

"అది నా పరీక్షలో లేదమ్మా. ఒక యంత్రం, ఒక మీటరు, అంతే. పక్కవాడి సంగతి నేను కొలవను."

అప్పటికి ఆడవాళ్ళు చేను గట్టుకు చేరారు. సంజన్న పెళ్ళాం హనుమక్క ముందు నిలబడింది. కొప్పు నిండా పొట్టు, చేతిలో వట్టి చాట. బర్రె పాలు తగ్గాయని మొగుడితో కలిసి రచ్చ చేసిన మనిషి, ఇప్పుడు గొంతు కూడా పెంచలేదు.

"ఏమ్మే గంగీ," అంది. "నీకు రావాలంటే మాకు పోవాల్నా?"

గంగరత్న చాలాసేపు ఫ్యాను వైపు చూసింది. ఏ తల్లీ తన బిడ్డ దొంగతనం చేస్తుంటే అంత తీరిగ్గా చూసి ఉండదు. తర్వాత వెళ్ళి పూతకు కరెంటు తీసేసింది. పొట్టు ఉన్నచోటే కింద పడింది. ఫ్యాను నెమ్మదించి, మామూలు గాలికి మామూలుగా తిరిగింది.

"ఇట్ల కొలవండి సార్," అంది.

పరాంకుశం గారు ఆమెకు వినపడలేదేమోనని మళ్ళీ మొదటినుంచి చెప్పాడు. ఇలా కొలిస్తే వచ్చేది చాలా చిన్న అంకె అని చెప్పాడు. ఓబులేసు చేనులో చతికిలబడ్డాడు.

"పూత ల్యాకుంటే అది వట్టి ఫ్యాను కదే."

"వట్టి ఫ్యానే," అంది గంగరత్న. "రెక్క ఊడకుండా చేసుకునేదానికి నాకు నాలుగేండ్లు పట్టింది. దాన్నే కొలవమంటాండా."

మామూలు కొలతకు ఒక పూట చాలదు, వారం పడుతుందని ఆయన అన్నాడు. వారం పాటు ఊరివాళ్ళు ఫ్యాన్లు ముట్టలేదు. గంగరత్న మీద ప్రేమతో కాదు, తూర్పారబట్టడం పూర్తికాలేదు. ఆ వారంలో గాలి పెరిగిన రోజు ఉంది, తగ్గిన రోజు ఉంది. రెక్క ఊడలేదు. పరాంకుశం గారు సంతకం పెట్టాడు. అంకె నిజంగానే చిన్నది. ఓబులేసు డబ్బా మీద రాద్దామనుకున్నదాని పక్కన పెడితే దాని మనవడిలా ఉంది. ఈ అంకె చెబితే ఎవరు కొంటారు మామా అని అతను నన్నడిగాడు. నిజం చెప్పి అమ్మడం నీకు కొత్త కదా, మెల్లగా అలవాటవుతుందని చెప్పాను. మొదటి ఫ్యాను కొన్నది సంజన్న. ఎర్రిస్వామికి తనదానికన్నా ఎత్తుది అమ్మకూడదని షరతు పెట్టాడు. రెండోది ఎర్రిస్వామి కొన్నాడు, అదే షరతు మీద.

గంగరత్న ఇంటింటికీ తిరిగి పూత రెక్కలన్నీ వెనక్కు తెచ్చింది. కొందరు ఇవ్వలేదు. పక్కింటివాళ్ళు ఇచ్చారని తెలిశాక ఇచ్చారు. పెద్ద కంపెనీ మనుషులు పూత గురించి అడగడానికి రెండుసార్లు కారులో వచ్చారు. మొదటిసారి ఆమె షెడ్డులో లేదని చెప్పాను. రెండోసారి వాళ్ళకు నా కొర్రలు కనిపించేట్టు చేను అడ్డంగా నడిపించాను. వాళ్ళ బూట్లకు గింజలు అంటుకున్నాయి కానీ విషయం అంటుకోలేదు. మళ్ళీ వస్తారు. అలాంటివాళ్ళు వస్తూనే ఉంటారు.

షెడ్డులో రెక్కల గుట్ట ముందు గంగరత్న కూర్చుని గరుకు కాగితంతో పూత గీకుతోంది. అది అంత సులభంగా వదలదు. క్యారియర్ ఆమె పక్కన పెట్టి నేనూ కూర్చున్నాను. ఒక రెక్క ఒళ్ళో పెట్టుకున్నాను. కాగితం చించి సగం నాకిచ్చింది. నల్లటి పొడి ఇద్దరి చేతులకూ అంటింది.

"కొర్రలు పోయినాయని కోపంగా ఉండావా నాయనా?" అంది, తలెత్తకుండానే.

"ఉండా."

"ఎన్నాళ్ళుంటాది?"

"చూద్దాం. నాకు తొందరేం ల్యా."

ఆమె నవ్వింది. వాళ్ళమ్మ నవ్వే అది, నాకు తెలుసు. ఆ కొర్రలు ఏడాది తిండి. ఆ పిల్లను నేనింకా క్షమించలేదు. చేతిలో రెక్క అయిపోయింది. గుట్టలోంచి ఇంకోటి తీసుకున్నాను.